పసుపు తాగిన ప్రెషర్ వాషర్

కౌంటరు వెనక నిలబడి "దీనికి పవరెక్కువ సార్, కళ్ళు మూసుకుని తీసుకోండి" అనే కుర్ర సేల్స్‌మన్ల కోసం ఇది రాస్తున్నాను. కాస్త ఆగండ్రా నాయనా. తెనాలిలో ఒకే షాపులో మిక్సీలు, గ్రైండర్లు, కూలర్లు, నీళ్ళ మోటార్లు అమ్మి అమ్మి జుట్టు నెరిశాక, ఈమధ్యనే రిటైరై ఇంట్లో కూర్చున్నాను. ఇంట్లో కూర్చున్నవాడికి సలహాలివ్వడం తప్ప వేరే పనేముంటుంది? వింటే వినండి, లేకపోతే మీ ఫోన్లు చూసుకోండి.

నా ఉద్యోగం చివరి రోజుల్లో ఇళ్ళలో వాడుకునే ప్రెషర్ వాషర్లు వచ్చాయి. కరెంటుతో నడుస్తూ, నీళ్ళని బిగబట్టి గన్నులోంచి కొట్టే మిషను. అంతకుముందు అది కార్లు కడిగే షెడ్లలో మాత్రమే ఉండేది. ఎవరో వీడియోలో పాచిపట్టిన గచ్చు మీద ఒక్క గీత గీస్తే అంతమేరా తెల్లగా వచ్చిందట. అది చూసి మా ఊరి మగాళ్ళందరికీ పూనకం వచ్చేసింది. చీపురు పట్టుకోమంటే నడుం నొప్పి అనేవాడు కూడా గన్ను పట్టుకోమంటే లుంగీ ఎగ్గట్టి తయారు.

కొనడానికి వచ్చేవాళ్ళు ఏం చూసేవారనుకుంటున్నారు? మొదట అట్టపెట్టె మీద ప్రెషర్ అంకె చూసేవారు. ఎక్కువుంటే మంచిది. తర్వాత మిషను ఎత్తి చూసేవారు. బరువుంటే మంచిది. ఆఖరికి ఆన్ చేయించి వినేవారు. మోతుంటే మంచిది. నిశ్శబ్దంగా నడిచే మిషనొకటి ఉండేది పాపం, మంచి సరుకు. దాన్ని ఎవ్వరూ నమ్మలేదు. "ఇదేంటండీ, పనిచేస్తున్నట్టే లేదు" అని పక్కకి నెట్టేసేవారు. నీళ్ళెక్కడినుంచి వస్తాయి, డ్రమ్ములోంచి లాగుతుందా, ఇంట్లో పెద్ద ప్లగ్గుందా, ఎర్తింగ్ ఉందా అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. బాపట్ల ప్లీడరుగారొకాయన అన్నిటికన్నా పెద్దది పట్టుకెళ్ళి, వాళ్ళ తాతగారి పేము కుర్చీ కడిగారు. అల్లిక మొత్తం ఊడి గోడవతల పడింది. మర్నాడు షాపుకొచ్చి, మిషను బ్రహ్మాండంగా ఉంది, కుర్చీయే నాసిరకం అన్నారు. ప్లీడరు కదా.

మేము చూపించే డెమో సంగతి కూడా చెప్పాలి. షాపు వెనక మా ఓనరుగారి పాత స్కూటరొకటి ఉండేది. దాని మీద బురద పూసి పెట్టి, కస్టమరు ముందు సగం కడిగేవాళ్ళం. సగం తళతళ, సగం బురద. కస్టమరు "అబ్బో" అనేవాడు. అతను వెళ్ళగానే మా మెకానిక్ కాలవగట్టు బురద తెచ్చి, పిడకలు చేసే శ్రద్ధతో మళ్ళీ పూసేవాడు. ఆ కాలవ బురద పచ్చిగా ఉంటే మగ్గుతో నీళ్ళు పోసినా పోతుంది. ఆ ముక్క మేమెప్పుడూ కస్టమరుకి చెప్పలేదనుకోండి. వ్యాపారమన్నాక ఆమాత్రం ఉంటుంది.

ఒకరోజు పొద్దున్నే రేపల్లె నుంచి ఒకావిడ వచ్చింది. ముప్పై దాటిన వయసుంటుంది. భుజం మీద గోనెసంచి, దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఆయాసపడుతోంది. మా మెకానిక్ సాయం పట్టబోయి, ముక్కు మూసుకుని వెనక్కొచ్చాడు.

"ఏంటమ్మా అది?" అన్నాను.

"చేపలు కోసే బండండి అన్నయ్యగారూ. మీ మిషను దీన్ని కడిగి వాసన పోగొడితే కొంటాను. బస్సులో కండక్టరు దీన్ని దింపెయ్యమని తగువేసుకున్నాడు. దీనికీ టిక్కెట్టు కొట్టు, కూర్చుంటది అన్నాను" అంది.

స్కూటరు వైపు నడిపించబోయాను. ఆవిడ దాన్నొకసారి పైనించి కిందకి చూసి, "నాకు స్కూటరు లేదండి. నా బండ కడగండి" అంది. అన్నేళ్ళ నా సర్వీసులో సొంత మురికి మోసుకొచ్చి పరీక్ష పెట్టిన కస్టమరు ఆవిడొక్కతే.

అప్పుడే తన సంగతి చెప్పింది. మొగుడు బాపట్ల దగ్గర సముద్రం మీద వేటకెళతాడు. ఆ చేపలు పొద్దున్నే ఆటోలో రేపల్లె వస్తాయి. ఈవిడ అత్తగారితో కలిసి ఒక డాబా ఇంటి కింది వాటా, వాకిలి అద్దెకి తీసుకుని అక్కడే కోసి, శుభ్రం చేసి అమ్ముతుంది. ఆ ఇంటాయన అమృతలూరు వైపు రైతు, పైన మేడ మీద కాపురం. ఆయన కూతురికి సంబంధం కుదిరేలా ఉంది. ఆ వచ్చే ఆదివారం మగపెళ్ళివారు ఇల్లు చూసుకోవడానికి వస్తున్నారు. ఆరోజు వాకిట్లో చేపల వాసన వచ్చిందంటే సోమవారం సామాను రోడ్డు మీద పెట్టేస్తానన్నాడట.

"ఇంకో చోటు దొరకదా అమ్మా?" అన్నాను.

"చేపలంటే ఎవరిస్తారండీ? ఇదొక్కటి దొరకడానికే ఊరంతా తిరిగాం. ఇప్పుడిప్పుడే జనం గుర్తుపట్టి వస్తున్నారు. ఇక్కడినుంచి లేపేస్తే మళ్ళీ తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరగాలి. మా అత్తకి మోకాళ్ళు పనిచెయ్యవు" అంది. మామూలుగానే చెప్పింది, ఏడవలేదు.

నా పక్కన ఇంకో సేల్స్‌మన్ ఉండేవాడు. ప్రెషర్ అంకెలు మంత్రాల్లా చదివే రకం. "మామూలు వాసన కాదుగా, మామూలు మిషను సరిపోదు" అని అన్నిటికన్నా పెద్దది లాక్కొచ్చి, సన్నధార ముక్కు తగిలించి, బండకి జానెడు దూరంలో గన్ను పెట్టి నొక్కాడు. ఓరి దేవుడా! బండకి అంటుకున్న పొలుసులు, పేగుల తాలూకు జిగురు, ఏళ్ళనాటి సారం అంతా లేచి ఆకాశాన్నంటింది. తలుపు తీసుంది కాబట్టి షాపులో ఫ్రిజ్‌ల మీద పడింది. పూజ చేసి కుంకుమబొట్టు పెట్టుకుని కూర్చున్న మా ఓనరుగారి నుదుటి మీద, బొట్టు పక్కనే, ఒక పొలుసు మెరుస్తూ అతుక్కుంది. ఆయన శుద్ధ శాకాహారి. కుర్చీలోంచి లేచి, నేరుగా ఇంటికెళ్ళి మళ్ళీ స్నానం చేసొచ్చాడు.

"వాసన పోలేదండి. షాపంతా పంచిపెట్టారు" అంది ఆవిడ.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. ఎంత గట్టిగా కొడితే అంత దూరం ఎగురుతుంది మురికి, పోదు. నేను మధ్యరకం మిషను తీశాను. దానికి ధారని చీపురులా వెడల్పు చేసే ముక్కుంది, సబ్బు నురగ కొట్టే డబ్బా ఉంది. అన్నిటికీ మించి డ్రమ్ములోంచి తనే నీళ్ళు లాక్కుంటుంది. రేపల్లెలో బోరు నీళ్ళు ఉప్పుగా ఉంటాయి, మిషను కడుపులో ఉప్పు పేరుకుంటే దాని పని అయిపోయినట్టే. కుళాయి వచ్చినప్పుడు మంచినీళ్ళు డ్రమ్ములో పట్టుకుని వాడుకోవాలి. నురగ కొట్టి, కాసేపు నాననిచ్చి, దూరం నుంచి వాలుగా నీళ్ళు కొట్టాను. తర్వాత ఆవిడ బండకి ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని పీల్చింది. నేనూ పీల్చాను. రాతి వాసన వచ్చింది.

"ఇదే ఇవ్వండి" అంది. ఎంత బరువో చూడలేదు, మోత గురించి అడగలేదు.

శనివారం నేనూ మెకానిక్కూ మిషను బిగించడానికి రేపల్లె వెళ్ళాం. డాబా పక్కనే వాకిలి, దాని చుట్టూ ప్రహరీ. మగపెళ్ళివారొస్తున్నారని ఇంటాయన గోడంతటికీ కొత్తగా సున్నం కొట్టించాడు. కొంగ రెక్కలా మెరిసిపోతోంది. ప్లగ్గు, ఎర్తింగ్ చూసి, నీలం డ్రమ్ములోకి పైపు దింపి, మిషను గురించి నేను నాలుగు జాగ్రత్తలు చెబుతుంటే ఆవిడ అత్తగారు ఆపేసింది.

"కొత్త మిషను బాబూ. ఊరికే నడిపేత్తారా?" అంది.

సరే, మాకిది కొత్తేం కాదు. మన దగ్గర కొత్త మిషనుకి పూజ కాకుండా స్విచ్చి వేసేవాడెవడు? మిషనుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది ముసలావిడ. కొబ్బరికాయ కొట్టింది. ఈలోగా నేనూ మెకానిక్కూ ఆ కొబ్బరిచెక్కలో ఎవరికెంతని చూసుకుంటున్నాం. వెనక్కి తిరిగి చూడలేదు. పడవని నీళ్ళలోకి దించే ముందు గంగమ్మ తల్లికి పసుపు నీళ్ళు కలపడం వాళ్ళకి అలవాటట. ఇక్కడ గంగమ్మ ఎక్కడుంది? డ్రమ్ములో ఉంది. గుప్పిళ్ళతో పసుపు తీసి డ్రమ్ములో వేసి, కర్రతో శుభ్రంగా కలిపి, దణ్ణం పెట్టుకుంది. లోపల చీకటి, బయట నీలం. ఎవడికి కనిపిస్తుంది?

గన్ను పట్టుకుని గచ్చు మీద కొట్టాను. నీళ్ళు కాస్త పచ్చగా పడ్డాయి. ఏళ్ళ మురికి కదా, వదులుతోంది అనుకుని మురిసిపోయాను. అదే ఊపులో గోడ అడుగున చేపనీళ్ళ చారికలు కనబడితే, మొల ఎత్తు వరకూ వాకిలి పొడవునా వాయించేశాను.

మా ఇళ్ళలో పేరంటానికి ఆడవాళ్ళ కాళ్ళకి పారాణి ఎలా చేస్తారో మీకు తెలుసుగా? పసుపులో సున్నం కలుపుతారు. ఎర్రగా పండుతుంది. నేను గోడకి చేసింది సరిగ్గా అదే. తెల్లటి ప్రహరీ నా కళ్ళ ముందే ఎర్రబారింది. మామూలు ఎరుపు కాదు, అక్కడెవరినో నరికినంత ఎరుపు. అది చారలు చారలుగా కిందకి కారుతోంది. వీధిలో పోతున్న ఒకావిడ గేటు లోంచి తొంగిచూసి, "అమ్మో! ఏం జరిగిందమ్మా?" అని కేకేసింది. క్షణాల్లో వీధంతా గేటు దగ్గరే ఉంది.

మెకానిక్ నోట్లో కొబ్బరి ముక్కతోనే అన్నాడు: "గురువుగారూ, డెమో అదిరింది."

ఇంటాయన మేడ మీదనుంచి రెండేసి మెట్లు దిగుతూ వచ్చాడు. గోడ చూశాడు. నన్ను చూశాడు. నా చేతిలో గన్ను ఇంకా కారుతోంది.

"ఎవడయ్యా నువ్వు? ఇల్లా ఇది, బలిపీఠమా? రేపు వియ్యాలవారొస్తుంటే నా గోడకి ఇదేం అలంకారం?" అని మొదలుపెట్టి చేపలావిడ మీదికి తిరిగాడు. "చేపలకి వాటా ఇచ్చినప్పుడే నాకు బుద్ధుండాలి. రేపు మధ్యాహ్నానికి గోడ తెల్లగా ఉండాలి, వాకిట్లో వాసనుండకూడదు. రెండిట్లో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఎల్లుండి ఖాళీ చెయ్యండి. అంతే!"

ఆవిడ "సరేనండి బాబాయ్ గారూ" అంది. అత్తగారు నోట్లో కొంగు కుక్కుకుని మూల కూర్చుంది. ఆ ముసలావిడ మొహం చూస్తే ఎవరికీ తిట్టబుద్ధి కాదు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నందుకు కొంప మునుగుతుందని ఎవరనుకుంటారు?

మెకానిక్ పరిగెత్తి సున్నం తెచ్చి ఆ ఎరుపు మీదే ఒక పూత లాగించాడు. అదీ ఎర్రబడింది. ఇంకో పూత. గులాబీరంగు. అప్పుడు ముసలావిడ కొంగు తీసి నెమ్మదిగా, "పసుపు మీద సున్నమేత్తే పారాణి అవకుండా తెల్లగుంటదా నాయనా" అంది. ఆ మాట పొద్దున డ్రమ్ము దగ్గర గుర్తొచ్చుంటే ఎంత బావుండేది అని అందామనుకున్నాను గానీ, ఊరుకున్నాను. నిజానికి మెకానిక్‌కీ నాకూ కూడా తెలిసిన ముక్కే అది.

ఇక దారి ఒకటే. పసుపు నీళ్ళు పారబోసి, డ్రమ్ము తోమి, సాయంత్రం కుళాయి వచ్చేదాకా ఆగి, మంచినీళ్ళతో ఆ గోడని సిమెంటు కనబడేదాకా గీకేశాం. పాపం మిషను, పుట్టినరోజునే దానికి వంద కార్లు కడిగినంత పనిబడింది. ఆదివారం సెలవు. "సెలవునాడు నువ్వు సున్నం కొట్టడానికి వెళ్తున్నావా? మనింటి గోడలు నీకు కనబడవా?" అని మా ఆవిడ అష్టోత్తరం చదువుతుంటే విని, పొద్దున్నే మళ్ళీ రేపల్లె బస్సెక్కాం. గోడకి సున్నం మెకానిక్ వంతు, వాకిలి నా వంతు. ఆవిడ ఆరోజు గిరాకీలన్నీ పొద్దున్నే ముగించుకుని నాతోపాటే పనిలోకి దిగింది. నురగ కొట్టడం, నాననివ్వడం, గచ్చు పలకల సందులు, నీళ్ళు పోయే తూము, గుమ్మం కింద నెర్రెలు, ఒక్కటీ వదల్లేదు. చివరికి ఆవిడ గచ్చు మీద వంగి పీల్చి, "ఏం లేదండి" అంది. ఆ మొహంలో వెలుగు చూసి నాకు ఎక్కడలేని ఆనందం వేసింది.

మధ్యాహ్నం కారొచ్చింది. మగపిల్లవాడి తండ్రి దిగాడు. భారీ మనిషి, అంతకన్నా భారీ పొట్ట. ఆయన భార్య, మరో ఇద్దరు పెద్దవాళ్ళు. ఇంటాయన పట్టుపంచెలో ఎదురెళ్ళి, "రండి బావగారూ, రండి" అంటూ వాకిట్లోకి తెచ్చాడు. గోడ మల్లెపువ్వులా ఉంది. మేం ముగ్గురం తూము దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాం.

అంతలో ఇంటాయన ఆగిపోయాడు. ముక్కు ఎగరేశాడు. మొహం నల్లబడింది. నేనూ పీల్చాను. చేప! సందేహం లేదు. ఇంత కడిగినా, ఇంత గీకినా!

వచ్చినవాళ్ళని అక్కడే వదిలేసి ఇంటాయన విసవిసా మా దగ్గరికొచ్చాడు. "ఏం చెప్పాను నీకు? రేపు సూర్యుడు పొడిచేసరికి ఖాళీ చెయ్యాలి" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

ఆవిడ ఒక్క క్షణం గాలి పీల్చింది. "ఇది నా వాసన కాదండీ బాబాయ్ గారూ" అంది.

"మరి నాదా?" అని అరిచేశాడు, వియ్యాలవారి సంగతే మర్చిపోయి.

"మీదే బావగారూ!" అంది వెనకనించి భారీ గొంతు. మగపిల్లవాడి తండ్రి తల పైకెత్తి, కళ్ళు అరమూసి, మేడ వైపు ఊపిరి లాగుతున్నాడు. "పండుగప్ప పులుసు. మామిడికాయ కూడా పడింది. పైనించే వస్తోంది. అబ్బా, కారులో దిగినప్పటినుంచీ పట్టుకుని లాగుతోందండీ నన్ను."

చేప కావాలి గానీ చేప వాసన వద్దనుకునే మనిషి నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. నేను నేల చూశాను. చూడకపోతే నవ్వు ఆగేలా లేదు. మెకానిక్ గోడవైపు తిరిగిపోయాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"ఇంత మంచి చేప ఎక్కడ పట్టారండీ? మాకు ఐసు పెట్టిందే గతి" అన్నాడు పెద్దాయన.

ఇంటాయన నోరు తెరిచే లోపే మేడ మీద పిట్టగోడ దగ్గర ఆయన భార్య ప్రత్యక్షమైంది. చేతిలో గరిట. "ఎక్కడో ఎందుకండీ అన్నయ్యగారూ, మా కిందింట్లోనే! ఈ అమ్మాయి కోసిచ్చిందే తప్ప మేం ఇంకోచోట కొనం" అంది సంబరంగా. పాపం ఆవిడకి కింద జరిగే భాగవతం ఏమీ తెలీదు.

పెద్దాయన గబగబా మా దగ్గరికొచ్చాడు. "నువ్వేనా అమ్మా? అయితే ఓ మాట. సంబంధం ఖాయమయ్యాక నేనెలాగూ వచ్చి పోతుంటాను. వచ్చినప్పుడల్లా నాకు ఇలాంటి చేపే తీసి ఉంచాలి. ఉంచుతావా?"

ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. జవాబు పెద్దాయనకి చెప్పలేదు. ఇంటాయన వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగింది:

"మేం ఇక్కడే ఉంటాం కదండీ బాబాయ్ గారూ?"

కాబోయే వియ్యంకుడు, ఆయన భార్య, పెద్దలు, మేడ మీద గరిటతో ఇల్లాలు, అందరూ ఆయన మొహంలోకే చూస్తున్నారు. ఇంటాయన ఉత్తరీయంతో చెమట తుడుచుకున్నాడు.

"ఉండక ఎక్కడికెళ్తావమ్మా" అన్నాడు.